శిల్పి ఇంట్లో అందరి పేర్లూ: జగ్గయ్యపేట శాసనం

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డులో నందిగామ దాటి ముందుకెళ్తే జగ్గయ్యపేట. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఊరి పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టించాడు. అంతకుముందు పదిహేను వందల ఏళ్ళ నాడే ఇంకో కొడుకు ఇక్కడే తన తండ్రి పేరు రాతి మీద చెక్కించాడు. అయితే అతను జమీందారు కాదు, శిల్పి.

1882లో జేమ్స్ బర్గెస్ ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అందులో ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దం. కమ్మకరాష్ట్రంలో నడతూరు అనే ఊరి ఆవేసని నాకచందుడి కొడుకు, తనూ ఆవేసనే అయిన సిద్ధార్థుడు, వెలగిరిలోని మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలబెట్టాడు. ఆవేసని అంటే పనివాళ్ళకి పెద్ద, మేస్త్రీ అనుకోండి. సాంచి దక్షిణ తోరణం మీద కూడా ఒక ఆవేసని పేరుంది, ఆనందుడని. కానీ ఆయన శాతకర్ణి రాజు దగ్గర ఆవేసని. మన సిద్ధార్థుడు చెప్పుకున్నది మాత్రం తండ్రి పేరు.

ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళ్దాం. దానంలో అందరికంటే ముందు నిలబెట్టింది తల్లి నాగిలనిని. తర్వాత భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక. తమ్ముడో అన్నో, బుధినకుడు, అతని భార్య కనిక, వాళ్ళ పిల్లలు నాగసిరి, చందసిరి, సిధథనిక. ఒక్కసారి ఆ పేర్లు వినండి. తాత నాకచందుడి పేరులోని ‘చంద’ మనవడికి వచ్చింది. సిద్ధార్థుడి పేరే అతని సోదరుడి కూతురికి వచ్చింది. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకి ఇది వింతగా ఉంటుందా చెప్పండి?

ఆ పిల్లలు చూస్తూ పెరిగిన స్తూపం మీద అప్పటికే వాళ్ళకంటే కొన్ని తరాల పాత శిల్పం ఉంది: మాంధాత ఫలకం. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడ్డాడు, మబ్బుల్లోంచి చదరపు నాణేలు కురుస్తున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం. కథలో ఆయన స్వర్గానికెళ్ళి ఇంద్రుడి సింహాసనంలో సగం పంచుకుంటాడు. అయినా ఆశ తీరదు, చివరికి నేలమీదే పడతాడు. బంగారం కురిసే కథ చూపించి, బంగారంతో ఆశ తీరదని చెప్పే రాయి అది.

మాంధాత ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాన్ని చెక్కినవాడి పేరు రాతిమీద లేదు. అందుకే సిద్ధార్థుడి శాసనం నాకు పెద్ద విషయం అనిపిస్తుంది. నాగార్జునకొండ స్తంభాల మీద రాజవంశపు స్త్రీల పేర్లు గొప్పగా వెలుగుతాయి. అదే కాలంలో ఇక్కడ ఉలి పట్టే ఇల్లు తన సొంత దానంతో, ఆడపిల్లల పేర్లు కూడా వదలకుండా, చరిత్రలోకి వచ్చింది. మన కళా చరిత్ర రాజుల పేర్లతో మొదలుపెట్టి చదువుతాం. ఈసారి జగ్గయ్యపేట వైపు వెళ్తే, నాగిలని పేరుతో మొదలుపెట్టండి.