నల్లమందు నేర్పిన పాఠం

పచ్చి గసగసాల కాయకు గాట్లు పెడితే పాలు కారుతాయి. ఆ పాలు ఆరి నల్లబడినదే నల్లమందు. అది నొప్పిని మరపిస్తుందని ప్రాచీనులకు తెలుసు. కాని ఏ ముద్దలో సారమెంత ఉన్నదో వైద్యునికి తెలిసేది కాదు. ఒకనాడు చాలని మోతాదే మరొకనాడు ప్రాణం తీసేది.

ఈ చిక్కు విప్పినవాడు సెర్ట్యూర్నర్. జర్మనీలోని పాడర్‌బోర్న్ పట్టణంలో మందుల దుకాణంలో పనిచేస్తూ, 1805 ప్రాంతంలో నల్లమందు నుంచి తెల్లని స్ఫటికాలు వేరుచేసినాడు. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు మీదుగా వాటికి పేరు పెట్టినాడు. అదే మార్ఫిన్. తానూ మరి ముగ్గురు యువకులూ దానిని మింగగా విషలక్షణాలు కనిపించిన సంగతి 1817లో ప్రకటించినాడు. ఇక మందును తూచి ఇవ్వడం సాధ్యమయింది.

మోతాదు తెలిసినా వ్యసనం పోలేదు. లండన్‌లో రైట్ 1874లో మార్ఫిన్‌ను మార్చి ఒక కొత్త పదార్థం చేసినాడు. 1898లో బేయర్ సంస్థ దానిని హెరాయిన్ అనే పేరుతో దగ్గుమందుగా అమ్మింది. అది మరింత ఘోరమైన వ్యసనమని త్వరలోనే తేలింది.

పుట్టుకను బట్టి ఈ మందులు మూడు తరగతులు. మొక్కలో సహజంగా ఉండే మార్ఫిన్, కొడీన్ మొదటివి. వాటిని కొంత మార్చి చేసే హెరాయిన్, ఆక్సికొడోన్ రెండవవి. పూర్తిగా ప్రయోగశాలలో తయారయ్యే పెథిడిన్, ఫెంటనిల్ మూడవవి.

పుట్టుక వేరైనా ఇవన్నీ ఒకే తలుపు తడతాయి. నాడీకణాల మీద వీటిని పట్టుకొనే గ్రాహకాలున్నాయని అమెరికాలో పెర్ట్, స్నైడర్ 1973లో చూపినారు. మొక్క పాలకు మన మెదడులో తాళమెందుకు? స్కాట్లండులోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ 1975లో జవాబు చెప్పినారు. పందుల మెదడు నుంచి వారు తీసిన ఎన్‌కెఫాలిన్‌లు ఆ తాళానికి శరీరమే చేసుకొన్న తాళంచెవులు. మార్ఫిన్ వాటికి మారుచెవి. అది గ్రాహకానికి అతుక్కోగానే వెన్నుపాములోనే నొప్పి సంకేతం సన్నగిల్లుతుంది.

కాని నొప్పి తగ్గించే ‘మ్యూ’ గ్రాహకమే శ్వాసనూ మందగింపజేస్తుంది, సుఖభ్రాంతినీ కలిగిస్తుంది. కనుక పనిని బట్టి మరొక విభజన అవసరమయింది. మార్ఫిన్ తాళాన్ని పూర్తిగా తెరుస్తుంది; బుప్రెనార్ఫిన్ కొంతవరకే తెరుస్తుంది; నాలోక్సోన్ తెరవకుండా చోటు మాత్రం ఆక్రమిస్తుంది. మోతాదు మించి శ్వాస ఆగబోయేవానిని బ్రతికించేది ఈ నాలోక్సోనే.

క్యాన్సర్ బాధతో మంచం పట్టినవానికి మార్ఫిన్ నేటికీ దిక్కు. ఉపశమనమూ అపాయమూ ఒకే ద్వారం గుండా వస్తున్నంతవరకు, వైద్యుడు మోతాదును తూచి ఇవ్వవలసిందే.