కనుమూసిన తరువాత గెలిచిన ఎమ్మెల్యే: ఆళ్లగడ్డ శోభా నాగిరెడ్డి గారు

నంద్యాల జిల్లా అనగానే దూరప్రాంతాల వారికి బెలుం గుహలు, అహోబిలం, మహానంది గుర్తుకొస్తాయి. రాజకీయ చరిత్రలోనూ ఈ నేలకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1977లో నీలం సంజీవరెడ్డి గారిని, 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు గారిని లోక్‌సభకు పంపినది నంద్యాలే. ఆ పెద్దల సంగతి అందరికీ తెలిసినదే. ఈ సంచికలో మేము ఆళ్లగడ్డ శాసనసభ్యురాలు కీ.శే. భూమా శోభా నాగిరెడ్డి గారిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

శోభ గారు 1968 డిసెంబరు 16న జన్మించారు. తండ్రి ఎస్.వి. సుబ్బారెడ్డి గారు మంత్రిగా పనిచేసినవారు. భర్త భూమా నాగిరెడ్డి గారు ఆళ్లగడ్డ ఎమ్మెల్యే. 1996లో పి.వి. గారు నంద్యాల, బరంపురం రెండుచోట్లా నెగ్గి నంద్యాలను వదులుకొన్నారు. ఆ ఉపఎన్నికలో గెలిచి నాగిరెడ్డి గారు పార్లమెంటుకు వెళ్లారు. ఖాళీ అయిన ఆళ్లగడ్డలో 1997లో శోభ గారు తెలుగుదేశం తరఫున నిలబడి గెలిచారు. అప్పటికి ఆమెకు ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు.

పుట్టినిల్లు, మెట్టినిల్లు దారి చూపిన మాట నిజమే. కాని ఇంటిపేరు ఒక్కసారి గెలిపిస్తుందేమో గాని, ఊరికే మళ్లీ మళ్లీ గెలిపించదు కదా! 1999లో మళ్లీ నెగ్గారు. 2004లో గంగుల ప్రతాపరెడ్డి గారి చేతిలో ఓడారు. 2009లో ప్రజారాజ్యం రాష్ట్రమంతటా గెలిచినవి 18 స్థానాలే. వాటిలో ఆళ్లగడ్డ ఒకటి. 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసి సభ్యత్వం పోగొట్టుకొన్నారు. 2012 జూన్ ఉపఎన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ తరఫున తిరిగి సభకు వచ్చారు. పార్టీలు మారారని విమర్శించేవారు విమర్శించారు. ఓటర్లు మాత్రం ఆమెను మార్చలేదు.

2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ప్రచారం ముగించుకొని ఆళ్లగడ్డకు వస్తుండగా కారు బోల్తాపడింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి ఇలా జరిగిందని అప్పటి పత్రికలు రాశాయి. మరునాడు హైదరాబాదులో ఆమె కన్నుమూశారు. వయస్సు 45 ఏళ్లు. పోలింగుకు రెండు వారాలే ఉన్నది.

ఇక్కడొక చట్టపు చిక్కు వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగు వాయిదా పడుతుంది. 1996లో చట్టాన్ని అలా సవరించారు. ఆమె పార్టీ అప్పటికి రిజిస్టరు అయినదే గాని గుర్తింపు పొందినది కాదు. కనుక వాయిదా లేదు, ఆమె పేరు తీసేదీ లేదు. మరి చనిపోయినవారికి వేసిన ఓటు ఏమవుతుంది? వృథా పోతుందా? జనంలో అయోమయం వచ్చింది. ఆ ఓట్లు చెల్లుతాయి, ఎక్కువ వస్తే ఆమె గెలిచినట్లే ప్రకటిస్తాం, తరువాత ఉపఎన్నిక జరుపుతాం అని ఎన్నికల సంఘం తేల్చింది.

మే 7న జనం క్యూ కట్టారు. మే 16న లెక్కిస్తే శోభ గారికి సుమారు 18 వేల మెజారిటీ వచ్చింది. అదే ఎన్నికలో నాగిరెడ్డి గారు నంద్యాల నుంచి గెలిచారు. ఆ ఏడాదే ఆళ్లగడ్డ ఉపఎన్నికలో కుమార్తె అఖిలప్రియ గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2017లో తండ్రి మరణించిన కొద్దివారాలకే ఆమె పర్యాటక శాఖ మంత్రి అయ్యారు. బెలుం గుహలను చూసుకొనే శాఖ అట్లా తల్లి నియోజకవర్గపు బిడ్డ చేతికే వచ్చింది.

చట్టం పార్టీకి గుర్తింపు ఉన్నదా లేదా అని చూసింది. ఓటరు మనిషిని చూశాడు. సానుభూతి అనండి, అభిమానం అనండి, ఆ ఓటు చెల్లింది. ఫలితం తెలిసినదే కదా అని, మన ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అని ఇంట్లో కూర్చునే వారికి ఆళ్లగడ్డ ఒక జవాబు. మన కుటుంబాలలో పద్దెనిమిది నిండిన ఆడపిల్లల పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నవో లేవో చూసుకోవలసిందిగా మా మనవి. అట్లే కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోయవద్దని, కారెక్కినప్పుడు బెల్టు మరువవద్దని కూడా కోరుచున్నాము.