రోగి వెల ఎవరు కట్టాలి? నెదర్లాండ్స్ ఆరోగ్య బీమా సంస్కరణలో పోటీ, నియంత్రణ

ఆరోగ్య బీమాను మార్కెట్‌కు వదలాలా, ప్రభుత్వమే నడపాలా అన్న వాదులాటలో ఒక మౌలికమైన చిక్కు తరచూ మరుగున పడుతుంది. చెప్పుల దుకాణదారుడికి ఎవరు కొన్నా లాభం ఒకటే. బీమా వ్యాపారికి మాత్రం లాభమా నష్టమా అన్నది కొన్నది ఎవరన్నదాన్ని బట్టే తేలుతుంది. వైద్యం మామూలు సరుకులా అమ్ముడయ్యేది కాదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే విశదం చేశారు. కొనేవారి ఆరోగ్యస్థితి బీమా సంస్థకు తెలియనప్పుడు పోటీ మార్కెట్ అసలు నిలదొక్కుకోకపోవచ్చని రాత్‌చైల్డ్, స్టిగ్లిట్జ్ 1976లో నిరూపించారు. మార్కెట్ పద్ధతి సంస్కరణలను ఈ చిక్కుకు అవి ఇచ్చిన జవాబును బట్టే తూచాలి.

జవాబు చెప్పే ప్రయత్నం చేసినవారిలో ముఖ్యుడు స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త అలెన్ ఎంథోవెన్. 1977లో ఆయన కార్టర్ ప్రభుత్వానికి ఒక పథకం రాసిచ్చారు. ప్రజలు ఏటా తమకు నచ్చిన బీమాను ఎంచుకుంటారు; ప్రభుత్వ సాయం స్థిరమైన మొత్తంగా అందుతుంది; ఖరీదైన బీమా కావాలనుకున్నవారు పై తేడా తామే భరిస్తారు; రోగులను కాదనే హక్కు ఏ సంస్థకూ ఉండదు. రక్షణ మంత్రి మెక్‌నమారా హయాంలో పెంటగాన్ లెక్కలు చూసిన మనిషి కావడం వల్లనేమో, ఎంథోవెన్ పోటీని ఎంత నమ్మారో నియమాలనూ అంతే నమ్మారు. అమెరికాలో ఆ పథకం కాగితం దాటలేదు. దాని ఛాయలున్న క్లింటన్ ప్రణాళిక కూడా 1994లో కుప్పకూలింది. ఆ ఆలోచన నిండుగా అమలైంది నెదర్లాండ్స్‌లోనే.

అక్కడి పాత వ్యవస్థకు పునాది జర్మన్ ఆక్రమణ కాలంలో, 1941లో పడింది. ఆదాయ పరిమితికి లోబడినవారు, అంటే జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, ప్రభుత్వ నిబంధనల కింద నడిచే వ్యాధి నిధుల్లో ఉండేవారు. మిగిలినవారిది ప్రైవేటు బీమా. ఈ అడ్డుగోడను తీసేసి అందరికీ ఒకే బీమా, సంస్థల మధ్య పోటీ ఉండాలని ఫిలిప్స్ సంస్థ మాజీ అధిపతి విస్సె డెక్కర్ నాయకత్వంలోని సంఘం 1987లో సిఫారసు చేసింది. చట్టం అమల్లోకి వచ్చింది 2006 జనవరి 1న. నడుమ దాదాపు ఇరవై ఏళ్ళు! రాజకీయాల పాలు పోగా, ఈ జాప్యానికి బలమైన కారణం ఒక లెక్క కుదరకపోవడమే.

ఆ లెక్క పేరు రిస్కు సర్దుబాటు. ఏ సంస్థలో రోగులు ఎక్కువగా చేరితే ఆ సంస్థకు ఉమ్మడి నిధి నుంచి ఎక్కువ డబ్బు అందాలి. 1993లో మొదలుపెట్టినప్పుడు వయసు, స్త్రీపురుష భేదం మాత్రమే చూశారు. యాభై ఏళ్ళ మధుమేహ రోగికీ, అదే వయసున్న ఆరోగ్యవంతుడికీ నిధి ఇచ్చేది ఒకే మొత్తమైతే, రోగి తన గడప తొక్కకూడదనే ఏ సంస్థయినా కోరుకుంటుంది. 2002 నుంచి గత సంవత్సరం వాడిన మందులను, 2004 నుంచి ఆసుపత్రి రోగనిర్ధారణలను లెక్కలోకి తెచ్చారు. ఆ తరువాతే పోటీకి తలుపులు బార్లా తెరిచారు. స్విట్జర్లాండ్ ఇందుకు భిన్నంగా నడిచింది. 1996లో పోటీని తెచ్చి, 2012 దాకా వయసు, స్త్రీపురుష భేదాలతోనే సరిపెట్టుకుంది. అక్కడి సంస్థలు ఖర్చు తగ్గించడం కన్నా ఆరోగ్యవంతులను వెతుక్కోవడంలో ఎక్కువ నేర్పు చూపాయి. అందులో ఆశ్చర్యమేమీ లేదు.

2006 చట్టం ప్రకారం బీమా అందరికీ తప్పనిసరి. ఏ సంస్థా ఎవరినీ తిరస్కరించకూడదు. ఒకే పాలసీకి వయసుతో, జబ్బుతో నిమిత్తం లేకుండా ఒకే ప్రీమియం. మొత్తం ఖర్చులో దాదాపు సగం ఆదాయాన్ని బట్టి వసూలు చేసే చందా నుంచి వస్తుంది. పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లల భారం ప్రభుత్వానిది. తక్కువ ఆదాయం ఉన్నవారికి భత్యం అందుతుంది. దీన్ని మార్కెట్ అనాలంటే నాకు కాస్త సంకోచమే. రోగి వెలను నిర్ణయించేది బేరం కాదు, ప్రభుత్వ సూత్రం.

బీమా సంస్థను ప్రజలే ఎంచుకునే ఈ కోవలోకి మన ఆరోగ్యశ్రీ రాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది బీమా సంస్థ ద్వారా మొదలైనా, సంస్థను టెండరులో ఎంచుకున్నది ప్రభుత్వం. కార్డుదారుకు ఆ ఎంపికే లేదు.

పోటీ ఏం సాధించింది? తొలి ఏడాది దాదాపు అయిదో వంతు జనం సంస్థ మారారు. మరుసటి ఏటికే ఆ ఊపు బాగా తగ్గింది. అఖ్మేయా, వీజీజెడ్, సీజెడ్, మెన్‌జిస్ అనే నాలుగు కూటముల చేతిలోకే మార్కెట్‌లో అత్యధిక భాగం చేరింది. రోగి ముందుగా తన జేబు నుంచి భరించాల్సిన మొత్తం 2008లో 150 యూరోలు, 2016 నాటికి 385. దీనికి తోడు, ఇష్టపడి మరో 500 యూరోల దాకా భరిస్తానంటే ప్రీమియం తగ్గుతుంది. ఆ బేరానికి ఒప్పుకునేది ఎక్కువగా ఆరోగ్యవంతులే. చట్టం ముందు తలుపు దగ్గర ఆపిన ఆరోగ్యవంతుల ఏరివేత ఇలా పెరటిదారిన మళ్ళీ ఇంట్లోకి వచ్చింది.

అసలు పరీక్ష ఆసుపత్రుల దగ్గర ఎదురైంది. బీమా సంస్థలు ధర, నాణ్యత చూసి ఆసుపత్రులను ఎంచుకుంటాయన్నదే సంస్కరణ ఇచ్చిన వాగ్దానం. స్వేచ్ఛగా బేరమాడగల ఆసుపత్రి సేవల వాటాను 2005లో సుమారు పది శాతం నుంచి 2012కల్లా డెబ్భై శాతానికి పెంచారు కూడా. కానీ డాక్టరును తన తరఫున బీమా సంస్థ ఎంచడాన్ని డచ్చి పౌరుడు సహించలేదు. బీమా సంస్థలు తమతో ఒప్పందం లేని వైద్యుల బిల్లులు చెల్లించనక్కర్లేదంటూ ఆరోగ్య మంత్రి ఎడిత్ స్కిపర్స్ తెచ్చిన బిల్లు 2014 డిసెంబరులో ఎగువ సభలో ఓడింది. అధికార కూటమికి చెందిన ముగ్గురు సభ్యులే వ్యతిరేకంగా ఓటేశారు. దాంతో ఒప్పందం లేని చోట చికిత్స పొందినా, బిల్లులో చాలా భాగం బీమా సంస్థ చెల్లించక తప్పడం లేదు. కాదని వెళ్ళిపోగల కొనుగోలుదారు లేనప్పుడు బేరంలో పైచేయి ఆసుపత్రిదే అవుతుంది.