కొండమీది కమతాలు – రోమను పన్నులు

ఈ పూట చెప్పబోయేది మన దేశపు కథ కాదు, బ్రిటన్ ద్వీపపు ఉత్తర కొండలది. రోమనులు క్రీ.శ. 43లో ఆ ద్వీపంపై దండెత్తి, సుమారు 410 వరకు ఏలారు. ఏలినవారి సంగతి గ్రంథాలలో ఉన్నది. కొండమీద సేద్యం చేసినవాని సంగతి మట్టిలో ఉన్నది.

ఆ రైతుల ఇళ్లు గుండ్రనివి. రాతి గోడ, పైన గడ్డి కప్పు. మన ఉత్తర కోస్తా చుట్టిల్లును తలచుకోండి. కొన్ని ఇళ్లకు కలిపి ఒక రాతి ప్రహరి, ఇళ్ల ముందే పశువుల దొడ్డి. పండించేది బార్లీ, గట్టి పొట్టుగల ఒక జాతి గోధుమ. పిండి విసరుకొనేది తిరగలితోనే. వారి నాగలి మన నాటు నాగలి వంటిదే, మట్టిని చీల్చునే గాని తిరగవేయదు. అందుచేత నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి దున్నేవారు.

ఇదెలా తెలిసిందంటారా? 122లో హేడ్రియన్ చక్రవర్తి హయాంలో సముద్రం నుంచి సముద్రం దాకా 73 మైళ్ల గోడ మొదలుపెట్టారు. దాని అడుగున తవ్వి చూడగా కొన్నిచోట్ల నాగటిచాళ్లు బయటపడ్డాయి. అంటే అక్కడ గోడ లేచింది బీడుమీద కాదు, ఎవరో దున్నుకొన్న చేనుమీద! గోడకు ఉత్తరాన తీరపు మైదానంలో తరాల నాటి కమతాలు ఆ తరువాత కొద్దికాలానికే పాడుపడ్డాయి. కొండలలో మాత్రం రాతి ఇళ్ల పల్లెలు అనేకం నిలిచాయి.

ఇక పన్ను. ధాన్యం రూపంలో కట్టాలి. క్రీ.శ. 77–78 ప్రాంతాన వచ్చిన అగ్రికోలా అనే గవర్నరుకు ముందు జరిగిన అన్యాయాన్ని టాసిటస్ వ్రాశాడు. మూసిన గాదెల ముందు రైతులను కూర్చోబెట్టి, అధిక ధరకు ధాన్యం కొనిపించేవారట. దండు పక్కనే ఉన్నా దూరపు చోటికి తోలమనేవారట. అగ్రికోలా పన్ను ఎత్తివేయలేదు, ఈ మోసాలను ఆపాడు. వ్రాసినవాడు ఆయనకు అల్లుడే కనుక పొగడ్త కొంత తగ్గించి వినండి. కష్టం మాత్రం రైతుకు తెలిసినదే.

దూరం బరువెంతో సరఫరాదారుకూ తెలుసు. విండొలాండా కోటలో 1973 నుంచి పలుచని చెక్కలమీద సిరాతో వ్రాసిన జాబులు దొరికాయి. వాటిలో ఆక్టేవియస్ అనే ఆయన అయిదువేల కొలతల ధాన్యం బేరం చేశానని, డబ్బు పంపమని వ్రాశాడు. బాటలు బాగాలేవు, పశువులకు దెబ్బ తగులుతుందని తోళ్లకోసం వెళ్లలేదని కూడ వ్రాశాడు.

దండు లెక్కలు మిగిలాయి. కొండ రైతు లెక్క మిగలలేదు. కాబట్టి సోదరులారా, పన్ను ఎంత అన్నదొక్కటే ప్రశ్న కాదు. ధాన్యం ఎక్కడికి తోలాలి, ఎవరు కొలుస్తారు, రసీదు ఏది అని కూడ అడగండి. విస్తరణ కార్యకర్తలు ఆ లెక్క వ్రాసుకోవటం నేర్పితే అదీ వ్యవసాయ సేవే.