మధుమేహము – పథ్యము: ఒక చారిత్రక పరిశీలన

ఆహారమే కారణముగాను, ఆహారమే ఔషధముగాను అనాదినుండి భావింపబడిన వ్యాధులలో మధుమేహము ముఖ్యమైనది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము మన దేశమున ఇంచుమించు 10 కోట్లమంది ఈ వ్యాధికి లోనైరి. కావున దీని పథ్యచరిత్ర నెఱుగుట పండితులకే గాక ప్రతి గృహిణికిని, ప్రతి ఉద్యోగికిని అవసరమే.

మన ప్రాచీనులు ఈ వ్యాధిని చక్కగా గుర్తించిరి. చరక సంహిత ప్రమేహ కారణములను చెప్పుచు సుఖాసనమును మొట్టమొదట పేర్కొన్నది. పిమ్మట నిద్రాసుఖము, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు వచ్చును. కుర్చీ విడువక దినమెల్ల దస్త్రములు చూచు మనకు ఈ వరుస ఆలోచింపదగినది. సుశ్రుతుడు ఈ రోగమును పుట్టుకతో వచ్చునదనియు, అపథ్యమువలన వచ్చునదనియు రెండుగా విభజించెను. మొదటిదానిలో రోగి కృశించును. రెండవదానిలో స్థూలకాయుడై యుండును. ధనవంతుడు చామలవంటి చిరుధాన్యములతో జీవింపవలెననియు, పేదవాడు చెప్పులును గొడుగును లేక నూఱు యోజనములు నడువవలెననియు, నూయి త్రవ్వవలెననియు ఆయన విధించెను. కాని కృశించినవానిని మాత్రము సదా కాపాడవలెనని హెచ్చరించెను. ఒకే పథ్యము అందఱకును పనికిరాదను సత్యము ఇందు స్పష్టము.

పాశ్చాత్య దేశములలో 1870–71 నాటి పారిస్ ముట్టడి ఒక విచిత్రమును చూపెను. నగరమున తిండి కఱవైనపుడు తన రోగుల మూత్రమున చక్కెర తగ్గుటను బుషార్దా అను వైద్యుడు గమనించెను. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో అలెన్ అను వైద్యుడు తీవ్రమైన ఉపవాస చికిత్సను నడపెను. బాలరోగులు దానివలన కొంతకాలము బ్రదికిరే కాని, ఎముకలగూడులై బ్రదికిరి. 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ మొదలగువారి కృషిచే ఇన్సులిన్ వెలువడెను. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు దానిని ఎక్కించిరి. అంతటితో ఉపవాసయుగము ముగిసెను; పథ్యము ఔషధమునకు తోడుగా నిలిచెను.

ఇక మన తెలుగుసీమ మాట. రాయలసీమ రాగిసంకటియు, తెలంగాణపు జొన్నరొట్టెయు, కొఱ్ఱలు, సజ్జలును మెట్టపొలముల ప్రజల నిత్యాహారములుగా నుండెను. వరియన్నము పలు ఇండ్లలో పండుగనాటి భోజనము. కాలువలు, క్రొత్త వంగడములు, మరలు ఈ స్థితిని మార్చెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యపు పథకము పేదల ఆకలిని తీర్చెను. ఆ మేలును మఱువరాదు. అయితే తెల్లని బియ్యము గౌరవమునకు గుర్తై, జొన్నలు పేదఱికమునకు గుర్తగుట మన దురదృష్టము.

ఇదే కథ బస్తరులోను జరుగుచున్నది. కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి అచట రాజ్యము స్థాపించెనని ప్రసిద్ధి. ఆ సీమలో, నేటి బీజాపూర్ జిల్లాలో, బాసగూడ ప్రాంతమున తర్రెం గ్రామము కలదు. 2021 ఏప్రిల్ 3న ఆ పరిసరమున 22 మంది భద్రతా సిబ్బంది అసువులు బాసిన వార్తతో ఆ పేరు దేశమంతట వినబడెను. ఆ పేరు వెనుక నున్న సీమకు మఱియొక చరిత్రయు కలదు: అది అన్నపు చరిత్ర. సొరకాయ బుఱ్ఱలో మండియా, అనగా రాగుల, అంబలి నింపుకొని పొలమునకు పోవుట బస్తరు ఆదివాసుల పూర్వాచారము. కోద్రా యనబడు అరికెలు, కోస్రా యనబడు చామలు వారి ధాన్యములు. సుశ్రుతుడు ధనవంతునకు చికిత్సగా విధించిన కోవకు చెందిన ధాన్యము ఈ అడవిబిడ్డల నిత్యాహారము! 2012 నాటి ఆహార భద్రతా చట్టముతో ఛత్తీస్‌గఢ్‌లో చౌకబియ్యము పేదల హక్కయ్యెను. 2021లో ఆ ప్రభుత్వమే చిరుధాన్యముల ప్రోత్సాహమునకు పూనుకొనెను.

చరిత్ర నుండి మనము గ్రహింపదగినదేమి? 1981లో జెంకిన్స్ మొదలగువారు, అదియు టొరాంటోలోనే, ఏ ఆహారము రక్తమున చక్కెరను ఎంత త్వరగా పెంచునో కొలుచు సూచికను ప్రతిపాదించిరి. దంపుడు ధాన్యము, పప్పు, పీచుగల కూరలు మెల్లగా జీర్ణమగును. తెల్లబియ్యము త్వరగా చక్కెరగా మారును. చిరుధాన్యములను మంత్రములుగా భావింపరాదు. రాగిపిండిని మెత్తగా కాచి చెంబెడు జావ త్రాగినచో చక్కెర పెరుగక మానదు. విస్తరిలో సగము కూరగాయలు, పాతిక పప్పు, పాతిక అన్నమో రొట్టెయో ఉంచుకొని, భోజనానంతరము కొంత నడచుట మేలు. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని వాడువారు ఏకాదశి ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను. చెమట, వణకు, తల తిరుగుట కలిగినచో వెంటనే మూడు చెంచాల చక్కెర తీసికొనవలెను. చిరుధాన్యములు తినుచున్నామని మందు మానుట ప్రాణాపాయము.

మన అవ్వల వంటయింటి ధాన్యములను మరల విస్తరిలోనికి తెచ్చుకొనుటకు సిగ్గుపడ నక్కఱలేదు. అందులకు సుశ్రుతుని శాస్త్రమును, బస్తరు సొరకాయ బుఱ్ఱయు సాక్షులై యున్నవి.