నరసాపురపు లేసు

పాలగిన్నెపై కప్పెడు చిన్న అల్లిక గుడ్డ ఒకనాడు పెక్కు తెలుగు ఇండ్లలో కనిపించెడిది. ఇంట మిగిలిన నూలుదారముతో దానిని అల్లి, తెగిన దండలలోని పూసలను అంచునకు గ్రుచ్చెడివారు. ఆ పూసలు సొగసునకు మాత్రమే కాదు. గాలికి గుడ్డ ఎగిరిపోకుండ బరువుగా నుండుటకును పనికివచ్చెడివి. ఇట్టి అల్లికను తీరికవేళ వినోదమని పిలుచుట లోకమునకు అలవాటు. ఆ పిలుపు ఎంతవరకు న్యాయమో పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము చరిత్రను చూచినచో తెలియగలదు.

వశిష్ఠ గోదావరి యొడ్డున నున్న ఈ రేవుపట్టణమునకు నూలుతో పొత్తు క్రొత్త కాదు. పదునేడవ శతాబ్దిలో ఆంగ్ల వర్తక సంఘము వారు నరసాపురము చెంతనున్న మాధవాయపాలెములో బట్టల కోసము వర్తకస్థానము నెలకొల్పిరి. ఆ గ్రామనామమే ఐరోపావారి నోట ‘మడపొల్లము’గా మారి, ఒక మెత్తని నూలుబట్టకు పేరై నిలిచినది. తరువాత ఇంగ్లండు మరబట్టలు వెల్లువయై వచ్చి, దేశపు చేతిపనిని క్రుంగదీసినవి.

లేసు అల్లిక ఈ ప్రాంతమునకు వచ్చినది పందొమ్మిదవ శతాబ్దిలో, క్రైస్తవ మిషనరీల ద్వారా. 1845లో మొదలైన బంగాళాదుంప కరవునాట ఐర్లండులో క్రోషియా అల్లిక వేలాది పేద కుటుంబములకు కూడు పెట్టినది. కొన్ని ఇతర లేసులకు దిండ్లు, పెక్కు కదుళ్లు కావలెను; దీనికి ఒక కొక్కెపు సూదియు, దారపు ఉండయు చాలును. పెట్టుబడి లేని ఇంటిలో సైతము సాగు పని యగుటచేతనే ఇది కరవులో అక్కరకు వచ్చినది. ఆ కారణముననే గోదావరి డెల్టాలో మిషనరీలు క్రైస్తవమును స్వీకరించిన నిరుపేద స్త్రీలకు దీనిని నేర్పిరి. క్రమముగా ఘోషా పాటించు కుటుంబములకును ఈ పని ప్రాకినది. గడప దాటకుండ నాలుగు డబ్బులు సంపాదించుటకు వేరు మార్గము వారికి లేకపోయెను.

కాలక్రమమున వ్యాపారము వర్తకుల చేతికి పోయినది. మధ్యవర్తి దారము తెచ్చి ఇచ్చును. ఒకరు పూలు అల్లుదురు. వేరొకరు అతుకుపని చేసి వానిని ఒక్క బల్లగుడ్డగా కూర్చుదురు. కూలి అల్లిన కొలదియే. తన చేతిపువ్వు ఏ దేశమున, ఏ భోజనపుబల్లపై, ఏ ధరకు పరచబడినదో అల్లిన యామెకు తెలియదు.

జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవితమును పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటిచాకిరితో పాటు దినమునకు పెక్కు గంటలు ఎగుమతి సరుకు తయారు చేయుచున్న వీరు శ్రామికులుగా గాక, కేవలము గృహిణులుగానే పరిగణింపబడుచుండిరని ఆమె చూపినది. పని చేయు చోటు ఇల్లు గనుక అది వినోదమైనది. వినోదము గనుక కూలి స్వల్పమైనది. వర్తకము పురుషులది, వ్రేళ్లనొప్పియు కంటి అలసటయు స్త్రీలవి.

2024లో నరసాపురపు క్రోషియా లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరిపేరును అన్యులు వాడుకొనకుండ అది కాపాడగలదు. కాని అల్లిన చేతికి తగిన కూలిని ఆ ముద్ర తనంతట నిర్ణయింపజాలదు. ఆ భారము కొనువారిది, అమ్మువారిది, లెక్కలు వ్రాయువారిది.

పాలగిన్నెపై గుడ్డను నిలిపినవి అంచునున్న చిన్న పూసలే. ఇల్లు నిలిపిన సంపాదనలో ఈ చిన్న అల్లికల బరువు ఎంతయో లెక్కించుట ఇకనైనను నేర్వవలసియున్నది.