జేబు వీడియో కెమెరాల ఫుటేజ్ ఎడిటింగ్

చవకైన జేబు వీడియో కెమెరాలతో తీసిన దృశ్యాలను కంప్యూటర్‌లో కత్తిరించి, వరసగా పేర్చి, శబ్దాన్ని సరిచేసి చూడదగ్గ వీడియోగా మలిచే ప్రక్రియ ఇది. ఒక్క బటన్ నొక్కితే రికార్డింగ్ మొదలుకావడం ఈ కెమెరాల ప్రధాన ఆకర్షణ. తక్కువ మెమరీలో ఎక్కువ నిడివి పట్టేందుకు ఇవి వీడియోను బాగా కుదించి భద్రపరుస్తాయి. అందువల్ల తీయడం తేలికైనా ఎడిటింగ్ దగ్గర కంప్యూటర్‌కు పని పెరుగుతుంది.

నేపథ్యం

శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ప్యూర్ డిజిటల్ టెక్నాలజీస్ 2007లో ఫ్లిప్ వీడియో కెమెరాను విడుదల చేసింది. కెమెరా పక్కనుంచి బయటికి తెరుచుకునే యూఎస్‌బీ ప్లగ్గును నేరుగా కంప్యూటర్‌కు గుచ్చితే చాలు, కేబుల్ అక్కర్లేదు. 2008 నాటి మినో హెచ్‌డీ 1280×720 పిక్సెళ్లతో 4 జీబీ మెమరీలో గంట వీడియో తీసేది. 2009లో వచ్చిన కొడాక్ జడ్‌ఐ8లో 1080పీ రికార్డింగ్, మెమరీ కార్డు, బయటి మైకుకు జాక్ ఉండేవి. అదే ఏడాది సిస్కో ప్యూర్ డిజిటల్‌ను సుమారు 59 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొన్నది. ఫోన్లలోనే మంచి వీడియో కెమెరాలు వస్తున్న 2011 ఏప్రిల్‌లో ఫ్లిప్ వ్యాపారాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటించింది.

ఫైళ్ల స్వభావం

తొలి ఫ్లిప్ కెమెరాలు 640×480 పిక్సెళ్ల ఎంపెగ్-4 వీడియోను ఏవీఐ ఫైళ్లుగా రాసేవి. హెచ్‌డీ మోడళ్లు హెచ్.264 పద్ధతికి మారాయి. ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. కొన్ని ఫ్రేములకొకటి మాత్రమే పూర్తిగా నమోదవుతుంది. మధ్యవాటిలో పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అంతే ఉంటుంది. ప్లేయర్ మొదటినుంచి వరసగా చూపిస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఎడిటర్ మాత్రం మధ్యలోని ఏదో ఒక ఫ్రేము దగ్గర ఆగితే, కంప్యూటర్ వెనకున్న పూర్తి ఫ్రేము వద్దకు వెళ్లి అక్కడినుంచి విప్పుకుంటూ రావాలి. టైమ్‌లైన్ మీద ముందుకూ వెనక్కూ జరిపినప్పుడల్లా ఇదే పని. నాటి సాధారణ కంప్యూటర్లలో బొమ్మ తడబడటానికి ముఖ్య కారణం ఇదే.

విండోస్ ఎక్స్‌పీ, విస్టాలతో వచ్చిన మూవీ మేకర్ ఈ హెచ్‌డీ ఫైళ్లను నేరుగా తీసుకునేది కాదు. హెచ్.264ను విప్పే సదుపాయం 2009 నాటి విండోస్ 7లో అంతర్భాగమైంది.

ఎడిటింగ్ క్రమం

ముందుగా కెమెరాలోని ఫైళ్లన్నిటినీ హార్డ్ డిస్కుకు కాపీ చేసి, మరోచోట ఇంకో ప్రతి ఉంచుకుంటారు. కెమెరాను గుచ్చి ఉంచి అందులోంచే ఎడిట్ చేస్తే వేగం తగ్గుతుంది, ప్లగ్గు ఊడితే ప్రాజెక్టుకు ఫైళ్లు దొరకవు.

కంప్యూటర్ తట్టుకోలేకపోతే రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఫుటేజ్‌ను ప్రోరెస్ వంటి ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి మార్చడం. ఇందులో ప్రతి ఫ్రేమూ విడిగా పూర్తిగా ఉంటుంది. కానీ మినో హెచ్‌డీలో 4 జీబీ పట్టిన గంట వీడియో ప్రోరెస్ 422లో దాదాపు 33 జీబీ అవుతుంది. మార్చినంత మాత్రాన నాణ్యత పెరగదు, కత్తిరించడం సులువవుతుంది. రెండోది ప్రాక్సీ: చిన్న సైజు నకళ్లతో ఎడిట్ చేసి, తుది వీడియోను అసలు ఫైళ్ల నుంచి రెండర్ చేయడం. చివర్లు కత్తిరించడం వరకే పనైతే, తిరిగి కుదించకుండా కోసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాధనం సరిపోతుంది. అప్పుడు కోత సాధారణంగా పూర్తి ఫ్రేము దగ్గరే కచ్చితంగా పడుతుంది.

సాధారణ లోపాలు

తేలికైన కెమెరా చేతిలో ఎక్కువగా వణుకుతుంది. స్టెబిలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమును జరిపి వణుకును తగ్గిస్తుంది, అందుకోసం అంచులను కొంత కోసేస్తుంది. సీమాస్ సెన్సర్ బొమ్మను వరసల వారీగా చదువుతుంది గనుక కెమెరాను వేగంగా తిప్పినప్పుడు నిలువు స్తంభాలు వాలినట్టు కనిపిస్తాయి. దీన్ని పూర్తిగా సరిదిద్దడం కష్టం.

భారతదేశం వంటి 50 హెర్ట్జ్ విద్యుత్తున్న దేశాల్లో మరో చిక్కుంది. పాత చోకు ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. అమెరికా మార్కెట్ కోసం చేసిన కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఈ రెండూ పొసగక ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుతురు మారి, ఇంట్లో తీసిన వీడియోలో మిణుకు కనిపిస్తుంది. షట్టర్‌ను సెకనులో 50వ లేదా 100వ వంతుకు పెట్టుకోగలిగితే ఈ సమస్య రాదు. ఆ సదుపాయం లేని కెమెరాతో తీసినప్పుడు కిటికీ వెలుతురే మేలు. తీశాక ఫిల్టర్లతో కొంతవరకే తగ్గించగలరు.

చిన్న మైకు దూరపు మాటకన్నా దగ్గరి చప్పుళ్లను, గాలి హోరును ఎక్కువగా పడుతుంది. తక్కువ పౌనఃపున్యాలను కోసే ఫిల్టర్‌తో హోరు తగ్గుతుంది. ముఖ్యమైన మాటలను వేరే రికార్డర్‌లో పట్టి, చప్పట్ల శబ్దం ఆధారంగా బొమ్మతో కలపడం మరింత నమ్మదగిన పద్ధతి.

తుది ఫైలు

టైమ్‌లైన్‌ను మొదటినుంచీ కెమెరా ఫ్రేముల వేగానికే కుదుర్చుకోవాలి. 30 ఫ్రేముల వీడియోను 25కు మారిస్తే కదలికలో కుదుపు వస్తుంది. హెచ్.264లో రెండర్ చేసేటప్పుడు బిట్‌రేటు మరీ తగ్గిస్తే, అప్పటికే ఒకసారి కుదించిన బొమ్మలో గడులు తేలతాయి. మళ్లీ ఎడిట్ చేయాల్సి వస్తే ఈ ఫైలును కాకుండా కెమెరా అసలు ఫైళ్లనే వాడాలి. అందుకే పని పూర్తయ్యాక కూడా వాటిని చెరపకూడదు.